ఎడమకు తిప్పితే

గిరింపేట మూడో వీధి మలుపులో
మూత లేని గుంతలోకి వంగి
ఇరవై రెండేండ్లు నేను తిప్పిన వాల్వు:
కుడికి తిప్పితే బంద్, ఎడమకు తిప్పితే నీళ్లు.
ఆ తిప్పిన కుడిచెయ్యి ఇప్పుడు
తిరుపతి ఆస్పత్రి మంచం మింద
ఎవరో మర్చిపోయిన సామాను మాదిరి పడుండాది.

మాట కూడా అంతే,
పదిదినాలు ఎండిన పైపు మాదిరి
ముందు బుసబుసమని గాలి, ఆనక ఒక బొట్టు.
నీళ్లు అనబోయి నిప్పు అంటా.
వళ్లెమ్మ అగ్గిపెట్టె తెచ్చి చేతికిస్తాది.
ఇద్దరం నవ్వుతాం,
నేను సగం మూతితో.

రెండోనాటి రాత్రి ఒక పిల్ల వచ్చింది.
జ్ఞానప్రసూన అంట, కాళహస్తి పక్క.
ఎలక మెదడులోంచి వెంట్రుకంత రక్తనాళం తీసి
రెండు తీగల నడమ తగిలించి
ఎంత గట్టిగా బిగుసుకుంటాదో కొలిచే పని.
"రక్తం తగ్గినాక ఏమవుతుందో చూస్తున్నాం సార్" అనింది.
సార్ అనింది!
ఖాళీ బిందెలు నన్నెప్పుడూ అట్లా పిలవలే.

నాళం గోడలో కండ ఉండాదంట.
కండకు చెవులుంటాయంట, రిసెప్టర్లు.
ధార సన్నబడిందా,
కొన్ని గంటలకే మొదలుపెట్టి
రెండు పొద్దులు తిరిగేలోపల
'బిగుసుకో' అనే మాట వినేదానికి
కొత్త చెవులు మొలుస్తాయంట
వానకు పుట్టగొడుగులు లేచినట్టు.
కాదు, వాన లేనందుకు లేచినట్టు.
ఇంకో వింత:
లోపలి పొర మింద ఉన్నన్నాళ్లూ
ఏ మాట వింటే 'వదులు' అని చెప్పిందో
అదే చెవి, అదే మాట,
కండ మింద మొలిస్తే 'బిగించు' అంటాదంట.

ఎవరు మొలవమన్నారు వాటిని, అని అడగబోయినా.
నోట్లోంచి వచ్చింది: "మోటారు."
ఆ పిల్లకు అర్థం కాలే.
వళ్లెమ్మకు అయింది.

ఆ ఎండాకాలం, నీవా నదిలో ఇసక కూడా మిగలనప్పుడు,
పదకొండు దినాలకొక తూరి నీళ్లు.
వీధి మొదట్లో ఎవరో కొళాయికి మోటారు తగిలించినారు.
వారానికి నాలుగు.
ఉగాది పోయేలోపల ఇంటికొకటి.
నీళ్లు తగ్గినాయని మోటార్లు,
మోటార్లు గుంజినాయని ఇంకా తగ్గిన నీళ్లు.
కడాకు వేలాయుధం ఇంట్లో
కొళాయి తిప్పితే ఏడుపు మాదిరి గాలి.
వైరు కోసేదానికి కటింగ్‌ప్లేరు పట్టుకోని పోతే
వాకిట్లో ఒకామె అడ్డం నిలబడింది:
"రేపొస్తాయి రేపొస్తాయని
మమ్మల్ని ఇట్లా చేసినోడివి నువ్వే గదా!"
చెడ్డామె కాదు. చంకలో బిడ్డుండాది.

ఇదంతా నేను చెప్పలే.
"మోటారు, మోటారు" అని రెండు తూర్లు అన్నానంతే.
మిగిలింది వళ్లెమ్మ చెప్పింది,
సంతపేట గొంతుతో, చేతులు తిప్పుతా,
వార్డంతా లేచేటట్టు.
ఆ పిల్ల పుస్తకం మూసి వినింది.

మందుందంట.
ధార ఆగినాక కొన్ని గంటలు ఆలస్యంగా ఇచ్చినా
ఆ చెవులు మొలవకుండా ఆపతాదంట.
"ఎలకల్లో" అనింది.
మళ్లీ ఒక తూరి, "ఎలకల్లో సార్.
మనుషుల్లో ఇంకా తెలీదు."
ఆ మాట నాకు నచ్చింది.
ఇరవై రెండేండ్లలో ఒక్క గడప ముందర కూడా
తెలీదు అనే ధైర్యం నాకు రాలే.

గడ్డ కరిగింది, రక్తం వస్తా ఉండాదన్నారు.
గోడకు తెలిసిందో లేదో.
వానలు పడి కట్టమంచి చెరువు నిండినాక కూడా
మా వీధిలో నెలదాకా ఎవరూ మోటారు ఇప్పలే,
ముందు పక్కింటోళ్లు ఇప్పనీలే అని.

తెల్లవారి నర్సు సీసా ఇచ్చింది.
మూత తియ్యి, ఎడమకు తిప్పు, ఎడంచేత్తో.
తిప్పినా. తెరుచుకున్నాది.
సగం దుప్పటి మింద పోయింది.

గొంతెండి "నిప్పు" అన్నా.
వళ్లెమ్మ తల కూడా ఎత్తలే,
చెంబు చేతికిచ్చింది.